1963 జీఎంసీ పాత బస్సు, మోటార్‌హోమ్‌గా మార్చింది. కొనొచ్చా?

ఇర్వింగ్_కిషోర్:
అందరికీ నమస్కారం. మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. మోటార్‌హోమ్ కొనాలని మూడేళ్ల నుంచి అనుకుంటున్నాం, కొత్తవాటి రేట్లు చూసినప్పుడల్లా నోరు మూసుకుని వెనక్కి వచ్చేస్తున్నాం. మొన్న టైలర్ వైపు ఒక పెద్దాయన బస్సు అమ్మకానికి పెట్టారు. 1963 జీఎంసీ పీడీ-4106, 35 అడుగులు, డెట్రాయిట్ 8వీ71 ఇంజన్, నాలుగు గేర్ల మాన్యువల్. లోపల పొయ్యి, ఫ్రిజ్, మంచం, బాత్‌రూమ్, పైకప్పు మీద రెండు ఏసీలు. 22,000 డాలర్లు అంటున్నారు. ఫోటోల్లో చూస్తే బయట అల్యూమినియం మెరిసిపోతోంది, మా ఆవిడ పేరు కూడా పెట్టేసింది దానికి.

నాకు ఇంజన్ల గురించి సున్నా. వచ్చే శనివారం చూడ్డానికి వెళ్తున్నా. మా మామగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు, ఆయన్ని కూడా తీసుకెళ్తా. ఏమేం చూడాలో చెప్పండి.

సన్నీవేల్_సుధ:
ముందుగా చెడ్డ మాట నేనే చెప్పేస్తా, తిట్టుకోకండి. మా మరిది 1980ల నాటి ఎంసీఐ ఎంసీ-9 బస్సు కొన్నాడు, మోటార్‌హోమ్‌గా మార్పిడి చేసిందే. చవగ్గా వచ్చిందని ఇంట్లో అందరికీ స్వీట్లు పంచాడు. ఎనిమిది టైర్లు మార్చాడు, బ్రేకులు చేయించాడు, రేడియేటర్ చేయించాడు, కొన్న ధర కంటే పైనే పెట్టాడు. అది తిరిగింది మొత్తం నాలుగు ట్రిప్పులు. ఇప్పుడు రెండేళ్ల నుంచి స్టోరేజ్ యార్డ్‌లో నెలనెలా అద్దె తింటూ కూర్చుంది. పాత టూ-స్ట్రోక్ డీజిల్ అనగానే సగం షాపులు ఫోన్ పెట్టేస్తాయి. నీకు రెంచి పట్టడం రాకపోతే, దగ్గర్లో పట్టేవాడు ఎవరో ముందు వెతుక్కుని తర్వాత బస్సు వెతుక్కో.

డిపో_శీను:
సుధగారు చెప్పింది నిజమే, కానీ అక్కడే ఆగిపోతే ఎలా. నేను టల్సాలో డీజిల్ మెకానిక్‌ని. మా నాన్న కూడా ఆర్టీసీ డిపోలో మెకానిక్, అందుకే ఈ పేరు. నా దగ్గర జీఎంసీ పీడీ-4104 బస్సు ఆరేళ్లు ఉండేది, 4106కి అన్న లాంటిది. నీకు తెలిసింది నాకు చెప్పు, నాకు తెలిసింది నీకు చెప్తా.

కిషోర్, నువ్వు చూస్తున్న 4106లు 1961 నుంచి 65 వరకు చేశారు. ఇంజన్ పేరులోనే లెక్కంతా ఉంది, ఎనిమిది సిలిండర్లు, వీ ఆకారం, ఒక్కో సిలిండర్ 71 క్యూబిక్ అంగుళాలు. మంచి బండి, మొండి బండి. కానీ వెళ్లే ముందు ఫోన్ చేసి ఆయన్ని ఒకే ఒక ప్రశ్న అడుగు, "ఇంజన్‌లో ఏ ఆయిల్ పోస్తారండీ?" అని. దీనికి 40 గ్రేడ్ సింగిల్ ఆయిలే పోయాలి, సీఎఫ్-2 రకం. ట్రక్కులకి పోసే 15డబ్ల్యూ-40 అన్నారంటే ఆయనకు ఈ ఇంజన్ తెలియదన్నమాట, మిగతా పనులూ అలాగే చేయించి ఉంటారు. ఆ ఒక్క జవాబుతో సగం బస్సు తెలిసిపోతుంది.

రెండోది, "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పు. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే ఏదో దాస్తున్నట్టు. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యాక కాసేపు తెల్ల పొగ వస్తుంది, భయపడకు, వేడెక్కాక తగ్గాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ తాగుతోందని. కింద ఆయిల్ చుక్కలు ఉంటాయి, ఉండాలి కూడా. ఆయిల్ కారని డెట్రాయిట్ అంటే అందులో ఆయిల్ అయిపోయిందని మా షాపులో జోకు.

మూడోది అసలైనది. సిలిండర్ల పక్కన ఎయిర్ బాక్స్ మూతలు ఉంటాయి, బోల్టులు తీస్తే లైనర్‌కి (సిలిండర్ లోపలి గొట్టానికి) ఉన్న రంధ్రాల్లోంచి పిస్టన్ రింగులు కనిపిస్తాయి. ఇంజన్ విప్పకుండా ఇలా లోపల చూసే వీలు మామూలు ట్రక్కు ఇంజన్లకు ఉండదు. టార్చి వేసి చూడు, రింగులు విరిగి ఉన్నాయా, పిస్టన్ మీద గీతలు ఉన్నాయా అని. ఆయన ఒప్పుకోకపోతే అక్కడే నమస్కారం పెట్టి వచ్చేయ్.

డిపో_శీను:
ఇంకోటి మర్చిపోయా, ప్రాణానికి సంబంధించింది. వీటికి కమాన్ కట్టలు ఉండవు, గాలి బెల్లోస్ (గాలి నింపిన రబ్బరు సంచులు) మీద నిలబడతాయి. గాలి దిగితే బస్సు నేల దగ్గరికి వచ్చేస్తుంది, టన్నుల బరువు. దిమ్మలు పెట్టకుండా కింద దూరొద్దు, తల కూడా పెట్టొద్దు. జాక్ మీద ఉంది కదా అనుకోవద్దు. మామగారికి కూడా చెప్పు, వాళ్లకు అలవాటు, చాప వేసుకుని దూరిపోతారు.

పద్మ_హ్యూస్టన్:
మేం స్కూల్ బస్సుని మార్చుకుని నాలుగేళ్లుగా తిరుగుతున్నాం. ఇంజన్ సంగతి శీను చెప్తాడు, నేను కాగితాల సంగతి చెప్తా. టైటిల్ (బండి ఓనర్‌షిప్ కాగితం) మీద ఏం రాసుందో చూడు. "బస్సు" అని ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లు ముఖం తిప్పేస్తారు, "మోటార్‌హోమ్" అని ఉంటేనే మాట్లాడతారు, అప్పుడు కూడా లోపలి ఫోటోలు, పొయ్యి ఫోటో, మంచం ఫోటో అన్నీ అడుగుతారు. మాకు మూడు కంపెనీలు కాదన్నాయి, నాలుగోది ఒప్పుకుంది. కొనే ముందే కొటేషన్ తెచ్చుకో, కొన్నాక కాదు.

లైసెన్సు కూడా. టెక్సస్‌లో బరువు 26,000 పౌండ్లు దాటితే సొంత మోటార్‌హోమ్ అయినా క్లాస్ బీ లైసెన్సు కావాలి, కమర్షియల్ కాని క్లాస్ బీ అని వేరే ఉంటుంది. బస్సులో బరువు ప్లేటు ఎక్కడుందో వెతికి ఫోటో తీసుకో. కాలిఫోర్నియాలో లెక్క వేరు, అక్కడ పొడవు చూస్తారు, 40 అడుగులు దాటితే. సుధగారూ, మీ మరిదికి క్లాస్ బీ ఉందా?

సన్నీవేల్_సుధ:
వాడిది సరిగ్గా 40 అడుగులు, దాటలేదు. అదొక్కటే వాడికి కలిసొచ్చింది.

కరెంటు_మూర్తి:
ఫీనిక్స్ నుంచి. ఎలక్ట్రికల్ వాణ్ణి. పాత మార్పిడి బస్సుల్లో ఇంజన్ కంటే నాకు భయం వైరింగ్ అంటే. ముగ్గురు నలుగురు ఓనర్లు చేతులు మారి ఉంటుంది, ప్రతివాడూ ఇంట్లో మిగిలిన వైరు ముక్క ఒకటి పెట్టి ఉంటాడు. రెండు పనులు చేయి. పదిహేను డాలర్లకి, వైరుని ముట్టుకోకుండానే కరెంటు ఉందో లేదో చెప్పే టెస్టర్ పెన్ను దొరుకుతుంది, అది జేబులో పెట్టుకెళ్లు. బస్సుని బయటి కరెంటుకు పెట్టించి ఆ పెన్నుని బాడీకి దగ్గరగా పెట్టు. కూసిందంటే బాడీలో కరెంటు ఉంది. అల్యూమినియం బాడీ, తడి నేల మీద ఉత్త కాళ్లతో తలుపు పట్టుకుంటే చాలు.

తరచుగా కనపడే తప్పు ఒకటి ఏంటంటే, బస్సు లోపలి ప్యానెల్‌లో న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేసి ఉంటారు, ఇంట్లో అలాగే ఉంటుంది కాబట్టి. మోటార్‌హోమ్ ప్యానెల్‌లో అవి రెండూ విడివిడిగా ఉండాలి, కలవాల్సింది బయట కరెంటు వచ్చేచోట మాత్రమే. ప్యానెల్ మూత తీయించి ఫోటో పెట్టు, నేను చూస్తా. ఇంటి దగ్గర 30 ఆంప్ ప్లగ్ పెట్టించేటప్పుడు కూడా జాగ్రత్త, ఎలక్ట్రీషియన్ డ్రయ్యర్ ప్లగ్ అనుకుని 240 ఇచ్చేస్తే నీ ఫ్రిజ్, ఏసీ, టీవీ అన్నీ ఒక్క క్షణంలో. మా వీధిలో జరిగింది.

బెజవాడ_బాబి:
అన్నా, మధ్యలో దూరుతున్నా. మన దగ్గర ఆర్టీసీ పాత బస్సులు వేలం వేస్తారు కదా, వాటితో ఇలా చేయొచ్చా? లక్షల్లో అయిపోతుంది కదా.

డిపో_శీను:
బాబీ, అడిగినవాళ్లలో నువ్వు నూరోవాడివి. బండి ఆకారం, వాడకం ఇష్టమొచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, ముందు అనుమతి తీసుకోవాలి. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్ల రిజిస్ట్రేషన్ కొనసాగించడం లేదు, ఆర్టీసీ బస్సులు కూడా అందులోకే వస్తాయి. అంటే వేలంలో నీ చేతికొచ్చేది తుక్కు, బస్సు కాదు. పొలంలో పెట్టుకుని గది లాగా వాడుకో, బాగుంటుంది. రోడ్డెక్కాలంటే మొదటి నుంచీ క్యారవాన్‌గా కట్టించుకోవడమే. మనవాళ్లకు పాత బస్సు మీద ప్రేమ లేక కాదు, నిజాం 1932లో 27 ఆల్బియన్ బస్సులతో సర్వీసు మొదలుపెట్టిన కథ చెప్పమంటే మా నాన్న ఇప్పటికీ గంట చెప్తాడు. దాచుకునే వీలు లేదు, అంతే.

బెజవాడ_బాబి:
పొలం ఉంది. తుక్కుకి రేటు ఎంతో కనుక్కుంటా.

ఇర్వింగ్_కిషోర్:
వెళ్లొచ్చాం. పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

ఫోన్లోనే ఆయిల్ ప్రశ్న అడిగా. పెద్దాయన ఒక్క క్షణం ఆగి నవ్వారు, "ఎవరో తెలిసినవాడు నేర్పించి పంపుతున్నాడు నిన్ను" అన్నారు. సింగిల్ 40 అట. వెళ్లాక షెడ్లో డబ్బాలు చూపించారు. ఇరవై ఏళ్లుగా రాసుకున్న నోటుబుక్ ఒకటి ఉంది, ఏ రోజు ఎంత ఆయిల్ పోశారు, ఎక్కడ ఏం మార్చారు, అన్నీ పెన్సిల్‌తో. భార్య పోయాక తిరగడం మానేశారట. అది విన్నాక బేరం ఆడటానికి నోరు రాలేదు, కారులో మా మామగారు "అమ్మేవాడి కథ విని కొనకు, టైరు చూసి కొను" అని చెప్పి ఉండకపోతే అక్కడే 22,000 ఇచ్చేసేవాణ్ణి.

ఇంజన్ చల్లగా ఉంది. సెల్ఫ్ కొట్టగానే పట్టుకుంది, కానీ ఆ శబ్దం! మా మామగారు ఉలిక్కిపడి రెండు చేతులూ ఊపుతూ "ఆపు ఆపు, రేసింగ్ అయిపోతోంది, కనెక్టింగ్ రాడ్ బయటికొస్తుంది" అని అరిచారు. అప్పుడు మీటర్ చూస్తే ఐడిలింగే. ఇది టూ-స్ట్రోక్ కాబట్టి ప్రతి చుట్టుకీ పేలుతుందని, మన లేలాండ్ రెండు చుట్లకు ఒకసారే పేలుతుందని, అందుకే చెవికి రెట్టింపు స్పీడు లాగా వినిపిస్తుందని పెద్దాయన చెప్తే నేను తెలుగులో చెప్పా. మామగారు నమ్మలేదు. పది నిమిషాలు ఇంజన్ దగ్గర చెవి పెట్టి నిలబడి, అప్పుడు తల ఊపారు.

ఎయిర్ బాక్స్ మూతలు రెండు వైపులా ఒక్కోటి తీశారు, ఫోటోలు కింద పెట్టా. శీనన్నా చూడు.

బ్రేకుల గాలి పరీక్ష మామగారు చేశారు. గాలి పీడనం 50 నుంచి 90 పీఎస్ఐ ఎక్కడానికి ఐడిలింగ్‌లో రెండు నిమిషాల పది సెకన్లు. ఇంజన్ ఆపి చూస్తే ఐదు నిమిషాల్లో 20 పడిపోయింది. మామగారు ఏం మాట్లాడకుండా పెద్దాయన్ని సైగలతోనే అడిగి ఒక గిన్నెలో సబ్బు నీళ్లు, పాత పెయింట్ బ్రష్ తెప్పించుకున్నారు. దిమ్మలు పెట్టాకే కిందికి వెళ్లనిచ్చా (పడుకోవడానికి చాప అడిగారు, శీనన్న చెప్పినట్టే). ఒక్కో జాయింటుకీ నురగ పూస్తూ వెళ్తే వెనక కుడివైపు బెల్లోస్‌కి వెళ్లే పైపు దగ్గర నురగ గోళీకాయంత బుడగ అయి, పగిలి, మళ్లీ ఉబ్బింది. ఇంకో చోట, బ్రేక్ వాల్వ్ కింద, చిన్న చిన్న బుడగలు తేనెపట్టు లాగా. పెద్దాయన వంగి చూసి "ఇది నాకు తెలియదు" అన్నారు. నిజంగానే తెలియదనిపించింది.

టైర్లు చూడ్డానికి కొత్తవాటిలా ఉన్నాయి, గాళ్లు లోతుగా ఉన్నాయి. పక్కన నంబరు మాత్రం 3111.

మూర్తిగారూ, మీ పెన్ను కూసింది.

కరెంటు_మూర్తి:
ప్యానెల్ ఫోటో చూశా. ఎడమ పక్క న్యూట్రల్ బార్ నుంచి బాడీకి ఒక పచ్చ స్క్రూ దిగి ఉంది చూడు, అదే. అది తీసేసి ఎర్త్ వైర్లన్నీ వేరే బార్‌కి మార్చాలి. అరపూట పని. కానీ అది ఒక్కటే అని నమ్మకు, ఫ్రిజ్ వెనక ట్విస్ట్ చేసి టేపు చుట్టిన వైరు కూడా కనపడుతోంది. కొంటే లోపలి 120 వోల్టుల వైరింగ్ మొత్తం మళ్లీ చేయించు. అప్పటిదాకా బయటి కరెంటుకు పెట్టనే వద్దు.

డిపో_శీను:
3111 అంటే 2011లో 31వ వారం. గాళ్లు చూసి మోసపోకు, ఎండలో నిలబడిన రబ్బరు లోపల పొడైపోయి ఉంటుంది. ముందు టైరు 60 మైళ్ల స్పీడులో పగిలితే స్టీరింగ్ నీ మాట వినదు. ఆరుకి ఆరూ మార్చాలి. ఆ టైర్లతో ఇంటికి కూడా నడపకు.

గాలి సంగతి, 1975కి ముందు బండ్లకి మూడు నిమిషాల్లో ఎక్కితే పాసు, నీది రెండుంపావు లోపే, కంప్రెసర్ బాగుంది. లీకు మాత్రం నిమిషానికి 2 పీఎస్ఐ దాటకూడదు, నీది 4. బెల్లోస్ పైపు చిన్న పని. బ్రేక్ వాల్వ్ అలా వదలొద్దు, అది మార్పించాకే రోడ్డు.

రింగులు చూశా. ఎడమ వైపువి బంగారం. కుడి వైపు ఒక లైనర్ మీద సన్నటి నిలువు గీతలు ఉన్నాయి, ఎప్పుడో ఒకసారి వేడెక్కి ఉంటుంది. ఆ నోటుబుక్‌లో వెతుకు, రాసే ఉంటాడు. బండిని చావనివ్వదు కానీ బేరానికి పనికొస్తుంది. నడిపేటప్పుడు నీళ్ల వేడి 180 డిగ్రీల ఫారెన్‌హీట్ దరిదాపుల్లో ఉండాలి, 200కి వస్తోందంటే గేరు తగ్గించు, అప్పటికీ దిగకపోతే పక్కకి తీసి ఆపేయ్. ఈ ఇంజన్ వేడి అసలు ఓర్చుకోదు.

ఇంకా, ఎమర్జెన్సీ స్టాప్ ఉంటుంది, ఇంజన్‌లోకి గాలి తోసే బ్లోయర్‌కి గాలి మూసేసే తలుపు. ఇంజన్ తనంతట తాను రేసింగ్ అయిపోతే అదే దిక్కు. సరదాకి ఇంజన్ నడుస్తుండగా లాగి చూడకు, బ్లోయర్ సీళ్లు పోతాయి. ఇంజన్ ఆపి, కేబుల్ లాగితే తలుపు కదులుతోందా అని ఇంకొకరిని వెనక నిలబెట్టి చూడు.

పద్మ_హ్యూస్టన్:
టైటిల్?

ఇర్వింగ్_కిషోర్:
మోటార్‌హోమ్ అనే ఉంది అక్కా! బరువు ప్లేటు ప్రకారం క్లాస్ బీ మాత్రం తప్పదు. నోటుబుక్‌లో దొరికింది శీనన్నా, 2009 జులై, న్యూ మెక్సికోలో ఘాట్ ఎక్కుతుంటే ఫ్యాన్ బెల్టు తెగిందట. పక్కనే "తప్పు నాదే" అని రాసుకున్నారు.

సన్నీవేల్_సుధ:
అదేంటో, ఇంజన్ గీతలు కూడా రాసి పెట్టుకున్న మనిషి దగ్గర నేనైతే కొంటా. మా మరిది కొన్నవాడి దగ్గర ఒక్క బిల్లు లేదు. ఎంతకి అడుగుతున్నావ్?

ఇర్వింగ్_కిషోర్:
టైర్లు, బ్రేక్ వాల్వ్, వైరింగ్ కలిపి లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టా. దాదాపు 7,000 తేలింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, టైరు రేటు నేను తక్కువ వేశానని దిద్దారు. 15,000 అనుకున్నాం. అడ్వాన్స్ ఇచ్చి వచ్చా.

ఇర్వింగ్_కిషోర్:
మూడు వారాల తర్వాత అప్‌డేట్. బస్సు వచ్చేసింది. ఫ్రీగా ఏదీ రాలేదు. టైర్లు మార్చడానికి ఇచ్చిన షాపులో (పేరు వద్దు) కుర్రాడు ఎడమ వైపు నట్లు రావట్లేదని గాలి గన్‌తో ఇంకా గట్టిగా బిగించేశాడు. పాత చక్రాలకి ఎడమ వైపు మర ఉల్టా ఉంటుందని వాడికి తెలియదు, నాకూ తెలియదు. రెండు స్టడ్లు (చక్రం బోల్టులు) తెగాయి. మామగారికి వీడియో పెడితే "లేలాండ్‌కీ అంతే కదా, నన్నడగొచ్చు కదా" అన్నారు. ఆ రోజే ఆయన్ని ఇంట్లో వదిలి వెళ్లా, అదీ సంగతి.

నడపడం కష్టంగానే ఉంది. డబుల్ క్లచ్ (గేరు మార్చడానికి రెండుసార్లు క్లచ్ తొక్కడం) లేకపోతే గేరు పడదు, రివర్స్‌కి డ్యాష్ మీద వేరే స్విచ్ వేయాలి, మొదటిసారి పార్కింగ్‌లో అది తెలియక పది నిమిషాలు ట్రాఫిక్ ఆపేశా. మామగారికి ఇక్కడ లైసెన్సు లేదు కాబట్టి పక్కన కూర్చుని "ఇప్పుడు వదులు... ఇప్పుడు తొక్కు... ఇప్పుడు వెయ్యి" అంటారు. గాలన్‌కి ఏడు మైళ్లు వచ్చింది.

ఇంటి ముందు పెట్టడానికి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఒప్పుకోలేదు, రెండో రోజే నోటీసు. యార్డ్‌లో పెట్టా. సుధగారూ, నవ్వొద్దు.

సన్నీవేల్_సుధ:
నవ్వట్లేదు. మా మరిదికి ఫోన్ చేసి నీ పోస్టులు చదవమన్నా. వాడి టైర్ల నంబరు చూడమన్నా.

ఇర్వింగ్_కిషోర్:
శీనన్నా, ఇంకొక్క డౌటు. ఇంజన్ కింద చిన్న గొట్టం లోంచి నల్లగా చుక్కలు చుక్కలు పడుతోంది, యార్డ్ వాళ్లు నేల పాడవుతోందని గొణుగుతున్నారు. లీకా?

డిపో_శీను:
లీకు కాదు, ఎయిర్ బాక్స్ డ్రెయిన్ గొట్టం. పడాలి, పడకపోతేనే బాధ. పొరపాటున కూడా మూసేయకు. దేశీ స్టోర్‌లో ఐదు పౌండ్ల పెరుగు డబ్బా ఉంటుంది చూడు, ఖాళీది కడిగి గొట్టం కింద వైరుతో కట్టేయ్, నెలకోసారి పారబొయ్యి. ఆరేళ్లు నాది అదే డబ్బా. మూత పెట్టొద్దు.